తిన్నదనం కోరే వక్రరేఖకు విన్నపం

మహారాజశ్రీ టోన్ కర్వ్ గారి దివ్య సముఖమునకు,

నలుపు-తెలుపు ఫొటోలను ఇంక్‌జెట్ ప్రింటర్‌పై వేసుకునే ఒక అభాగ్యుడు వ్రాసుకొన్న విన్నపములు.

పేరుకు మీరు వక్రరేఖ, ఏ ఛాయకు ఎంత సిరా చల్లాలో ప్రింటర్‌కు చెప్పే గీత. మీరు పుట్టింది మాత్రం కాగితం మీది టోన్లను, అంటే తెలుపు నుంచి నలుపు దాకా ఉండే ఛాయలను, తిన్నగా నిలబెట్టడానికి. సిరా ఇరవై శాతం చల్లితే నలుపూ ఇరవై శాతమే వస్తుందనుకునే అమాయకత్వం ఒకప్పుడు నాకూ ఉండేది. చుక్క కాగితంలో ఇంకి వ్యాపిస్తుంది కనుక మధ్య టోన్లు అనుకున్నదానికన్నా ముదురుగా పడతాయనీ, ఆ వంకరకు ఎదురు వంకరగా మీరు అవతరించారనీ తరువాత తెలిసింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న సామెత మీ ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

మీకు జరిపించవలసిన ఉపచారాలూ తక్కువేమీ కావు. సున్నా నుంచి నూరు దాకా ఐదేసి శాతం పెంచుతూ 21 గళ్ల చార్టు వేయాలి. తడి మీద కొలిచిన అంకె ఆరాక మారిపోతుంది కనుక రాత్రంతా ఆగాలి. ఆపై రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌తో గడిగడికీ ఎల్‌స్టార్ విలువ (సున్నా అంటే కటిక నలుపు, నూరు అంటే తెలుపు) చదివి మీకు సమర్పించాలి. కాగితం మారిందా, మళ్లీ మొదటికే.

మొన్నటి చార్టులో తెల్ల గడి 96 చూపింది. అక్కడి నుంచి బుద్ధిగా మెట్లు దిగిన అంకెలు చివరి మూడు గళ్లలో 17.4, 16.8, 17.1 అన్నాయి, అంటే నూరు శాతం సిరా తాగిన గడి, తొంభై ఐదు శాతం గడికన్నా వెలిసిపోయి ఉంది. (నిగనిగలాడే కాగితం మీద నలుపు 5 దాకా దిగుతుంది, నిగనిగ లేని మ్యాట్ కాగితం వాడేవాడికి 16 దగ్గరే పాతాళం.) హద్దు దాటిన సిరా నలుపును పెంచదని, ఇంక్ లిమిట్, అంటే చల్లే సిరాకు పెట్టిన గరిష్ఠ హద్దు, తగ్గించుకోమని మీరు ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పకపోగా ఆ మూడు గళ్ల మధ్య పాములా మెలికలు తిరిగి, నా ఫొటోలోని నల్ల గొడుగు మడతలన్నిటినీ ఒకే మసిముద్ద చేశారు.

అయితే నాలుగో చార్టు విషయంలో మిమ్మల్ని అన్న మాటలను వెనక్కి తీసుకుంటున్నాను. ఎంత సిరా పోసినా నలుపు 30కి కిందికి దిగకపోతే, రెండు గంటలపాటు మిమ్మల్ని లాగి, వంచి, నానా మాటలూ అన్నాను. తడి వేలితో కాగితం మూల తాకి చూసినప్పుడు, వేలికి అతుక్కున్నది నేను అచ్చు వేయని వైపు. సిరాను పట్టి ఉంచే పూత ఉన్నది అటువైపే.

ఐదో చార్టు ఆరుతోంది.

ఇట్లు,
ఇంకా ఒక్క ఫొటో కూడా సరిగ్గా వేయని మీ సేవకుడు