హిట్లర్ రాజకీయాలు మానేసి ఉంటే?

వియన్నా ఆర్ట్ అకాడమీ కుర్ర హిట్లర్‌కు ఒక్క సీటు పడేసి ఉంటే రెండో ప్రపంచ యుద్ధమే వచ్చేది కాదన్న మాట సోషల్ మీడియాలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఎంట్రన్స్‌లో ర్యాంకు తప్పితే బతుకు దారే మారిపోతుందని నమ్మే మనకు అది ఇట్టే ఎక్కేస్తుంది కూడా.

1907లో ఆ పరీక్షకు వంద మందికి పైగా వస్తే సీట్లు దక్కింది 28 మందికి. మొదటి వడపోతలో గట్టెక్కిన హిట్లర్ రెండో దశలో పోయాడు. అతని బొమ్మల్లో తలలు తక్కువని పరీక్షకులు రాసిపెట్టారు. భవనాలు బాగానే గీసేవాడు, మనుషుల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తిరిగేది కాదు. మరుసటి ఏడాది అసలు పరీక్షకే కూర్చోనివ్వలేదు. ఇదంతా నిజమే. కానీ అదే అకాడమీలో 1906లో, పదహారేళ్లకే సీటు కొట్టిన చిత్రకారుడు ఎగోన్ షీలే అక్కడి పాతకాలపు చదువు భరించలేక 1909లో బయటికి వచ్చేశాడు. ఇవాళ ప్రపంచం గుర్తుపెట్టుకున్నది అతణ్ణి. పైగా హిట్లర్‌కు ఇంకో తలుపు కూడా తెరుచుకుంది. తెలిసినవాళ్ల సిఫార్సుతో వియన్నా ఒపేరా రంగాలంకరణ నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ అతణ్ణి కలవడానికి ఒప్పుకున్నాడు. ధైర్యం చాలక హిట్లరే వెళ్లలేదు. పాతికేళ్ల తర్వాత, అధికారంలోకి వచ్చాక, ఆ రోలర్‌నే జర్మనీలోని బైరాయిట్‌లో స్వరకర్త వాగ్నర్ ఒపేరాకు సెట్లు వేయమని పిలిపించుకున్నాడు.

కాబట్టి సీటు సంగతి వదిలేసి 1924 దగ్గర ఆగుదాం. అసలైన మలుపు అక్కడుంది. అంతకు ముందు ఏడాది నవంబరులో, ప్రభుత్వాన్ని కూల్చాలని హిట్లర్ మ్యూనిక్‌లో చేసిన తిరుగుబాటు బెడిసికొట్టింది. నాజీ పార్టీ మీద నిషేధం, నాయకుడికి ఐదేళ్ల శిక్ష. లాండ్స్‌బర్గ్ జైలు నుంచి 1924 జూలైలో హిట్లర్ నాయకత్వం వదులుకుంటున్నానని, జైల్లో ఉన్నన్నాళ్లు రాజకీయాలు ముట్టనని ప్రకటించాడు. పుస్తకం రాసుకోవాలన్నాడు. బయట అనుచరులు ముఠాలుగా చీలి కొట్టుకున్నారు. కొత్త కరెన్సీ వచ్చి ధరలు కుదుటపడ్డాయి. డిసెంబరు ఎన్నికల్లో అతని మనుషులున్న కూటమికి వచ్చింది 3 శాతం ఓట్లు. అదే నెలలో విడుదలైన ఆ ముప్ఫై అయిదేళ్ల మనిషి దుకాణం కట్టేసి మళ్లీ వాటర్ కలర్లు పట్టుకుని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

పట్టుకుని ఉంటే ఏం గీసేవాడు? దీనికి ఊహ అక్కర్లేదు, ఆ రోజుల స్కెచ్చులు ఉన్నాయి. ఒక విజయ తోరణం, ఒక బ్రహ్మాండమైన గుమ్మటం. పదేళ్ల తర్వాత వాటిని తన ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పీర్ చేతిలో పెట్టి బెర్లిన్‌ను ఆ లెక్కన కట్టమన్నాడు. గుమ్మటం ఎత్తు దాదాపు 290 మీటర్లు. తోరణాన్ని అక్కడి నేల మోస్తుందా లేదా అని చూడటానికి 1941లో 12,650 టన్నుల కాంక్రీటు దిమ్మ పోశారు. తోరణం లేవలేదు గానీ ఆ దిమ్మ ఇప్పటికీ బెర్లిన్‌లో ఉంది.

ఇలాంటి డ్రాయింగులకు మామూలు క్లయింట్ దొరకడు. నగరం నడిబొడ్డున వేల ఇళ్లు కూల్చాలి. ఆ ఇళ్లవాళ్లకు చోటు చూపడానికి స్పీర్ ఆఫీసు యూదుల్ని అద్దె ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. గ్రానైట్ కోసం మౌట్‌హౌజెన్, ఫ్లోసెన్‌బుర్గ్ క్వారీల దగ్గర నిర్బంధ శిబిరాలు పెట్టి ఖైదీల చేత రాళ్లు కొట్టించారు, మోయించారు. నియంత కావాల్సినవాడు కళాకారుడైపోతే లోకం బాగుపడేదన్న ఊహ ఇక్కడే చతికిలపడుతుంది. షీలేకు కాగితం, పెన్సిలు చాలు. హిట్లర్ కోరుకున్న కళకు సర్వాధికారమే ముడిసరుకు. కళ కోసం రాజకీయాలు వదలడం అతని విషయంలో కొమ్మ మీద కూర్చుని మొదలు నరుక్కోవడమే.

సరే, ఎలాగోలా తప్పుకున్నాడనే అనుకుందాం. నాజీ పార్టీ నిలిచేది కాదు. అతను లేకపోతే దాని గతేమిటో 1924లో చూశాం. అయితే 1930 నుంచే జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అత్యవసర ఆర్డినెన్సులతో పాలన నడిపిస్తున్నాడు. 1932 జూలైలో ఛాన్సలర్ పాపెన్ దేశంలోకెల్లా పెద్ద రాష్ట్రమైన ప్రష్యాలో ఎన్నికైన ప్రభుత్వాన్ని ఊడబెరికాడు. నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. ప్రజాస్వామ్యాన్ని పాతిపెట్టాలని చూస్తున్న జమీందార్లకు, జనరళ్లకు హిట్లర్ లేకపోయినా చేతులున్నాయి. ఒక సైనిక నియంతృత్వం వచ్చేదనే నా అంచనా. పోలండ్‌తో ఎప్పుడో ఒకప్పుడు గొడవా జరిగేది, ఆ కోరిక సైన్యంలో ముందు నుంచీ ఉంది.

యూదుల ఊచకోత సంగతి వేరు. యూదు ద్వేషం అప్పటి యూరప్‌లో ఎక్కడ చూసినా ఉంది. ఏ జనరల్ గద్దెక్కినా వాళ్లను ఉద్యోగాల నుంచి తీసేసే చట్టాలు తెచ్చి ఉండొచ్చు. 60 లక్షల మందిని చంపే యంత్రాంగానికి మాత్రం ఆ పిచ్చి పైస్థాయిలోనే ఉండాలి, యుద్ధపు ముసుగు కావాలి, ఎదురు చెప్పేవాడు ఉండకూడదు. ఆ ఊచకోతను దగ్గరుండి నడిపించిన హిమ్లర్ ఉన్నాడుగా అనొచ్చు. వ్యవసాయం చదివి కోళ్ల ఫారం పెట్టుకున్న మనిషి అతను. హిట్లర్ పార్టీ లేని జర్మనీలో అతని చేతికి పోలీసు శాఖ అప్పగించే జనరల్ ఎవరో నాకైతే కనిపించడం లేదు.