వెర్నాత్సా ఔటర్‌లో పులిహోర

ఇటలీలో మెడిటరేనియన్ ఒడ్డున చింక్వే తెర్రే అని ఐదు ఊళ్ళున్నాయి. పేరు తెలియకపోయినా ఫోన్ వాల్‌పేపర్లలో మీరు చూసే ఉంటారు. కొండ అంచున గులాబీ, పసుపు, నారింజ రంగు ఇళ్ళు, కింద సముద్రం. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కాయి. జర్మనీలో ఉండే మా బావమరిది మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. ఎక్సెల్ షీట్‌లో పెట్టి లాక్కెళ్ళాడు అంటే సరిగ్గా ఉంటుంది. "12.20 వెర్నాత్సా చేరుట. 12.25 రేవులో ఫొటో. 12.40 భోజనం." మా అత్తయ్యగారు బాత్రూమ్‌కి వెళ్ళడానికి కూడా అందులో ఒక గడి ఉంది.

మోంటెరోసోలో నిమ్మకాయలు బాగుంటాయి. అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని ఊరగాయకి పనికొస్తుందా లేదా అని నొక్కి చూస్తుండగానే ఆ ఊరి గడి అయిపోయింది. పరిగెత్తి రైలెక్కాం. దొరికింది చివరి పెట్టె.

ఇక్కడ కొంచెం భూగోళం చెప్పాలి. ఈ ఊళ్ళకి నేల తక్కువ. కొండ, ఆ వెంటనే సముద్రం. 1874లో రైలు దారి పూర్తయినప్పుడు కొండల్ని తొలుచుకుంటూనే వేశారు. అందుకే వెర్నాత్సా స్టేషన్ రెండు సొరంగాల మధ్య కాస్త వెలుతురులో ఇరుక్కుని ఉంటుంది. రైలు పొడవు ఆ వెలుతురు కంటే ఎక్కువ. అంటే చివరి పెట్టెలో కూర్చున్నవాడికి స్టేషన్ వచ్చినా సొరంగమే కనిపిస్తుంది. ఈ సంగతి షీట్‌లో లేదు.

రైలు ఆగింది. కిటికీలోంచి చూస్తే చెమ్మగిల్లిన రాతి గోడ, దాని మీద కేబుళ్ళు, ఒక గుడ్డి దీపం.

"సిగ్నల్," అన్నాడు మా బావమరిది, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

మేం నమ్మాం. నమ్మకుండా ఎలా ఉంటాం? పుట్టి బుద్ధెరిగాక విజయవాడ ఔటర్‌లో ఎన్ని గంటలు గడిపామో లెక్కే లేదు. ఊరి దీపాలు కనిపిస్తుంటాయి, రైలు కదలదు. సామాన్లు గుమ్మం దగ్గర పేర్చుకుని నిలబడ్డవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటారు. తొందరున్న కుర్రాళ్ళు దూకి పట్టాల వెంట నడిచిపోతారు. బఠాణీలవాడు ఎక్కుతాడు. రైలు ఊరికి ముందు చీకట్లో ఆగితే దాన్ని ఔటర్ అంటారని మాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంతలో తలుపు తెరుచుకుంది. ఒక ముసలావిడ కూరగాయల సంచీ, చిన్న కుక్కతో సహా ఆ చీకట్లోకి దిగిపోయింది.

"దిగుతున్నారేమిట్రా?" అంది మా ఆవిడ.

"లోకల్స్ అక్కా. వాళ్ళకి అలవాటు."

ఆవిడ వెనకాల ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఒక తండ్రి దిగాడు. ఆ తర్వాత జపాన్ వాళ్ళనుకుంటాను, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న గుంపు మొత్తం, ముందు జెండా పట్టుకున్న గైడుతో సహా దిగింది. జపాన్ నుంచి లోకల్స్ ఎలా వచ్చారని నాకొక అనుమానం తలెత్తింది. కానీ బావమరిదిని ప్రశ్నించడానికి నాకు షీట్‌లో టైమ్ ఇవ్వలేదు.

"ఇటలీ బావగారూ ఇది. ఇక్కడ డిసిప్లిన్ ఉండదు. ఇదే జర్మనీలో అయితేనా..." అని మొదలుపెట్టాడు. జర్మనీలో ఏమయ్యేదో వింటూ ఉండగా నలుగురు మనుషులు ఆ చీకట్లోంచి పెట్టెలోకి ఎక్కారు. ఒకాయన చేతిలో వేయించిన నెత్తళ్ళ పొట్లం వేడివేడిగా పొగలు కక్కుతోంది.

"సొరంగంలో చేపలు ఎవరు వేయిస్తున్నార్రా?" అని అత్తయ్యగారు అడిగారు. ఆ రోజు మొత్తంలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు రాలేదు.

జవాబు రాకపోయేసరికి ఆవిడ తన అనుభవం మీద ఆధారపడ్డారు. ఔటర్ అంటే అరగంట ఖాయం. స్టీలు డబ్బా మూత తీశారు. ఇంగువ వాసన పెట్టె నిండా పరుచుకుంది. పేపరు ప్లేట్లలో పులిహోర వడ్డించి, ఎదుటి సీటాయనకి కూడా ఒక ముద్ద పెట్టబోయారు. ఆయన చేతులూపుతూ తలుపు వైపు చూపించి ఏదో అన్నాడు.

"మొహమాటపడుతున్నాడు పాపం," అన్నారు అత్తయ్యగారు.

తలుపు మూసుకుంది. రైలు కదిలింది. రెండు క్షణాల్లో కళ్ళు చెదిరే ఎండ. నీలం బోర్డు మీద తెల్లక్షరాలతో వెర్నాత్సా. కింద సందు, రంగురంగుల గోడలు, ముసలావిడ, కుక్క, జపాన్ జెండా. మేం నలుగురం నోటి నిండా పులిహోరతో కిటికీకి అతుక్కుని చూస్తుండగానే మళ్ళీ చీకటి.

ఎదుటాయన ఇప్పుడు ఏమీ అనలేదు. ప్లేటు తీసుకుని తిన్నాడు.

తర్వాతి స్టేషన్ కోర్నీలియా. ఐదు ఊళ్ళలో సముద్రానికి ఆనుకోనిది ఇదొక్కటే. ఊరు దాదాపు 100 మీటర్ల ఎత్తున కొండ మీద కూర్చుంటే, స్టేషన్ కింద ఉంటుంది. "ఆర్డర్ మారుద్దాం, ముందు ఇదే చూసేద్దాం," అన్నాడు షీట్ సవరిస్తూ. పొరపాటు జరిగిందన్న మాట మాత్రం ఆ నోటి నుంచి రాలేదు. మా ముందు సుమారు 380 ఇటుక మెట్లు, మలుపు మీద మలుపు. నెత్తిన మధ్యాహ్నపు ఎండ. కడుపులో పులిహోర. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి మొక్కు తీర్చుకున్న మనిషి కాబట్టి అత్తయ్యగారు మలుపుకొక "గోవిందా" అంటూ ముందు వెళ్ళిపోయారు. దిగుతున్న ఇటాలియన్లు "బోంజోర్నో" అని బదులిచ్చారు. నేను ఎలా ఎక్కానో రాయను.

పైన ఒక చప్టా మీద కూలబడి ఊపిరి తీసుకుంటుంటే పక్కన ఒక చిన్న బస్సు వచ్చి ఆగింది. స్టేషన్ నుంచి వచ్చిన జనం చెమట చుక్క లేకుండా దిగారు. ఒకావిడ చేతిలో మా దగ్గరున్న లాంటి రైలు కార్డే ఉంది.

"మన కార్డుకి బస్సు కూడా ఉందా?" అన్నాను.

"ఉంది బావగారూ," అన్నాడు మా బావమరిది. "చెబితే మీరు మెట్లెక్కరు కదా."