గట్టు మీద వయ్యారిభామ, కొట్లో వైరస్ మందు

వేరుశనగకు వైరస్ వచ్చిందని చెబితే, మందు లేదని చెప్పి రైతును వెనక్కి పంపిన కొట్టు యజమానిని మన అనంతపురం వైపు నేను ఇంతవరకు చూడలేదు. "ఇది కొట్టన్నా, వారంలో కొత్త చిగురు వస్తుంది" అని సీసా చేతిలో పెడతారు. వైరస్ సోకిన మొక్కను మళ్లీ బాగు చేసే మందు ఎక్కడా లేదు. అయినా ఏటా ఖరీఫ్‌లో సీసాలు ఖాళీ అవుతూనే ఉంటాయి, అప్పు పుస్తకాలు నిండుతూనే ఉంటాయి.

పైగా రచ్చబండ మీద ఒక మాట: "పరిశోధనలన్నీ కాగితాలకే, రైతుకు ఒరిగిందేమీ లేదు." నాకు ఒళ్లు మండేది అక్కడే.

2000 ఖరీఫ్ చూసినవాళ్లు మరిచిపోరు. లేత ఆకుల మీద మచ్చలు, తర్వాత ఆకు కాడా కాండమూ నల్లబడటం, చివరికి మొవ్వే మాడిపోవడం. కాయ పట్టడానికి నేలలోకి ఊడలు దిగాల్సిన మొక్క నిలువునా ఎండిపోయింది. జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిందనీ, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందనీ అంచనా. ముందు అందరూ ఎప్పుడూ వచ్చే మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది వేరే జబ్బు, పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. అంతటితో ఆగకుండా అది ఎక్కడి నుంచి వస్తోందో కూడా పట్టుకున్నారు.

వస్తున్నది వయ్యారిభామ అనే కలుపు మొక్క నుంచి. లోపల వైరస్ ఉన్నా ఆ మొక్క పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని తెల్లపూలలో తామర పురుగులనే సన్నని పురుగులు తిరుగుతాయి, ఒంటికి పుప్పొడి అంటించుకుని గాలివాటున చేలో వాలతాయి. అవి లేత ఆకును గీరినచోట పుప్పొడిలోని వైరస్ లోపలికి దిగుతుంది. ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. జబ్బు పడిన వేరుశనగ మొక్క నుంచి పక్క మొక్కకు ఇది పెద్దగా పాకదు. అంటే పక్క రైతును తిట్టుకుని లాభం లేదు, చూడాల్సింది బీడు వైపు.

చేయమన్నవి కూడా చిన్న పనులే. పూతకు రాకముందే వయ్యారిభామను పీకేయాలి. చేను చుట్టూ నాలుగు సాళ్లు దగ్గరగా జొన్నో సజ్జో వేస్తే, ఎగిరొచ్చే పురుగుకు అడ్డం, పశువులకు మేత. విత్తే ముందు విత్తనానికి మందు పట్టించి శుద్ధి చేసుకోవాలి. ఇందులో కోట్లు పెట్టి కొనాల్సింది ఏముంది?

నా గట్టు నేను పీక్కుంటాను, సరే. రోడ్డు వారది ఎవరు పీకాలి? కాలువ గట్టుది? వెంచర్ వేసి రాళ్లు పాతి వదిలేసిన ప్లాట్లది? మా వైపు ఒక ప్రభుత్వ కార్యాలయం గోడ మీద వయ్యారిభామ నిర్మూలన పోస్టరు ఉంది. ఆ గోడ కిందే అది నడుము ఎత్తున పూసి ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, కాస్త తడి తగిలితే చాలు, ఏడాదిలో ఎన్నిసార్లయినా మొలుస్తుంది. ఒక్క రైతు ఒంటరిగా గెలిచే పోరు కాదిది.

కొత్త వేరుశనగ రకం విడుదలంటే మాత్రం నాయకులు ఫొటోలకు వరుస కడతారు. కదిరి పరిశోధన స్థానం 2005లో ఇచ్చిన కదిరి-6 ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో నాకు తెలుసు, ఆ తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి కూడా మంచి రకమే. ఆ స్థానానికి ఇంకా డబ్బు ఇవ్వాలి, మనుషులను ఇవ్వాలి. కానీ కలుపు పీకే పనికి రిబ్బను కత్తిరించడం కుదరదు కాబట్టి అది ఎవరి లెక్కలోకీ రాదు.

ఈసారి గ్రామసభలో నేను అడిగేది ఒకటే. తొలకరి పడ్డాక, పూత రాకముందు, ఊరి పోరంబోకులో వయ్యారిభామ పీకించడానికి కూలీ డబ్బులు పంచాయతీ ఇస్తుందా, ఇవ్వదా? చేతి తొడుగులతో సహా. ఒట్టి చేతులతో పీకితే దురదలతో దద్దుర్లతో వారం రోజులు నిద్ర ఉండదు, అదీ కూలీలే భరించాలా?