గడ్డి తీసి అడవి థైమ్ వేద్దామా?

(ఇంగ్లండులో ఒక తెలుగు ఇల్లు. పెరట్లో లాన్ తీసేసి, నేల మీద పాకే అడవి థైమ్ నాటాలని వదిన పట్టు. మరదలికి ఇష్టం లేదు.)

వదిన: వేసవంతా ఈ గడ్డి కోస్తూ కూర్చోవడం ఎందుకు చెప్పు? అడవి థైమ్ పది సెంటీమీటర్లకు మించి లేవదు. జూన్ వచ్చిందంటే ఊదా పూలు. ఆకు నలిగితే వాము గుర్తొస్తుంది, వాములో ఉండే థైమాల్ అనే వాసన పదార్థం దీన్లోనూ ఉంది మరి.

మరదలు: పిల్లలు రోజూ బంతాడితే గడ్డిలా తట్టుకోదు వదినా. పైగా మనది బంకమట్టి. చలికాలం నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి.

వదిన: ఎండ తగిలే చోట మట్టి ఎత్తు చేసి, గరుకు ఇసుక, సన్న కంకర కలుపుదాం. ఎరువు మాత్రం వద్దు. నేల బలంగా ఉంటే గడ్డి దీన్ని కప్పేస్తుంది. సుద్దనేల కొండల మీద, కుందేళ్ళు మేసిన పొట్టి గడ్డిలో బతికే మొక్క ఇది. 1950ల్లో మిక్సోమటోసిస్ అనే జబ్బు వచ్చి కుందేళ్ళు చచ్చిపోయాయి, గడ్డి ఏపుగా పెరిగింది. ఈ థైమ్ మొగ్గల మీద గుడ్లు పెట్టే లార్జ్ బ్లూ సీతాకోకచిలుక 1979కల్లా బ్రిటన్‌లో లేకుండా పోయింది. 1980ల్లో స్వీడన్ నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. ఎంత ఘోరం!

మరదలు: నిజమే, కానీ అది మన పెరటికి రాదు కదా. దాని గొంగళిపురుగు కొన్నాళ్ళు థైమ్ పూలు తిని కింద పడితే, ఒక రకం ఎర్రచీమ తన పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకెళ్ళాలి. గడ్డి పెరిగి నేల చల్లబడి ఆ చీమలు పోబట్టే అదీ పోయింది. చీమ లేకుండా థైమ్ ఒక్కటీ ఏం చేస్తుంది?

వదిన: తేనెటీగలకు తిండి పెడుతుంది. ఇప్పుడు మన లాన్ మీద ఏ పురుగైనా వాలుతోందా? నా బాధంతా అదే.

మరదలు: మొక్కలు కలుసుకునేదాకా కలుపు చేత్తోనే తీయాలి. కొన్నేళ్ళకు కాడలు ముదిరి మధ్యలో బోసిపోతుంది కూడా.

వదిన: పూలయ్యాక పైపైన కత్తిరిస్తే చిగురేస్తుంది. ఖాళీ పడ్డ చోట వేళ్ళు దిగిన కొమ్మ ఒకటి తెచ్చి నాటడమే. కలుపు నేను తీస్తానులే.

మరదలు: అయితే బంతాడే జాగా ముట్టుకోకండి. వంటింటి మెట్ల పక్కన ఎండ పడే ముక్క తీసుకోండి, నడవడానికి మధ్యమధ్య రాళ్ళు వేద్దాం. కంకర నేను తెప్పిస్తాను.

వదిన: సగం లాన్ అయినా ఇవ్వవా?

మరదలు: ముందు ఆ ముక్క ఒక చలికాలం గట్టెక్కనివ్వండి.