కవర్ చేసింది ఆ పిల్ల కాదండీ

మొన్న ఆదివారం విజయవాడ నుంచి వస్తూ కారులో 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' అనే పాత ఇంగ్లీషు పాట పెట్టాను. గిటారు లేదు, డ్రమ్స్ లేవు. ఒక అమ్మాయి గొంతు, దాని చుట్టూ పాత రికార్డు గరగర. పక్క సీట్లో ఉన్న మా ఫ్రెండు కాసేపు విని, "గొంతు బానే ఉంది గానీ, యానిమల్స్ పాటని కవర్ చేసేటప్పుడు కనీసం ఒక గిటారన్నా పెట్టుకోవాలి కదరా" అన్నాడు.

వాణ్ణి ఏమీ అనలేకపోయాను. వాడికి తెలిసిందే వాడు అన్నాడు. కవర్ అంటే ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడటం. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపికుంటే చదవండి.

ఆ రికార్డింగు 1937 సెప్టెంబరుది. యానిమల్స్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండు పాడిన పాట 1964లో వచ్చింది. అంటే ఈ అమ్మాయి పాడిన నాటికి ఆ బ్యాండులో ఉన్న ఐదుగురిలో ఒక్కడూ పుట్టలేదు. పాడిన అమ్మాయి పేరు జార్జియా టర్నర్. వయసు పదహారు. కెంటకీ రాష్ట్రంలో బొగ్గు గనుల మధ్య ఉన్న మిడిల్స్‌బరో అనే చిన్న ఊళ్లో ఒక గని కార్మికుడి కూతురు. అప్పట్లో అలన్ లోమాక్స్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున, బరువైన రికార్డింగ్ మెషీను కారులో వేసుకుని, కొండ ఊళ్లలో తిరుగుతూ పాటలు ఎక్కించుకునేవాడు. అలా ఆ ఊరొచ్చి ఒకరింట్లో మెషీను దింపితే, ఈ పిల్ల వచ్చి నిలబడి పాడింది.

పాటలో కథ పెద్దదేం కాదు. న్యూ ఆర్లీన్స్‌లో 'ఉదయించే సూర్యుడు' అని పేరున్న ఒక ఇల్లుంది, ఎందరో పేదింటి ఆడపిల్లల బతుకు అక్కడే బుగ్గయింది, అందులో నేనూ ఒకదాన్ని అంటుంది. మా అమ్మ చెప్పిన మాట వినుంటే ఇవాళ ఇంట్లో ఉండేదాన్ని అంటుంది. మా చెల్లికి చెప్పండి, నేను చేసినట్టు చెయ్యొద్దని అంటుంది. అంతా చెప్పి, చివరికి మళ్లీ అక్కడికే వెళ్తున్నానంటుంది. ఆ ఇల్లు వేశ్యల ఇల్లా, జైలా, జూదమాడే చోటా అని దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ పిల్ల పాడుతుంటే మాత్రం నాకు ఆ ప్రశ్నే రాదు. పదహారేళ్ల గొంతు అది. ఏడుస్తూ పాడదు. జాలి పడమని అడగదు. ఊళ్లో జరిగిన సంగతి పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పుకుపోతుంది. అందుకే గుచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. చాలాకాలం నేను యానిమల్స్ మీద కోపంగా ఉన్నాను. ఆడపిల్ల పాటను మగపిల్లాడి పాటగా మార్చేశారు, పాట గుండె పీకేశారు అని కనిపించిన ప్రతివాడితో వాదించేవాణ్ణి. తర్వాత ఒకరోజు క్లారెన్స్ ఆష్లీ రికార్డు విన్నాను. గ్వెన్ ఫాస్టర్‌తో కలిసి 1933లో పాడింది, ఈ పాటకు దొరికిన మొదటి రికార్డింగు ఇదేనంటారు. ఆష్లీ మందులమ్మే బృందాలతో ఊరూరా తిరిగి పాడిన మనిషి. తాత దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. అందులో చెడిపోయేది ఆడపిల్లలు కాదు, మగపిల్లలు! జార్జియా కంటే నాలుగేళ్ల ముందు. నా వాదనకి అక్కడే గండి పడింది.

అప్పటి నుంచి 'అసలు పాట' అనే మాట వాడటం మానేశాను. ఆ కొండల్లో ఈ పాట మగవాళ్ల నోట మగపిల్లాడిది, ఆడవాళ్ల నోట ఆడపిల్లది. ఎవరు పాడితే వాళ్ల బతుకు అందులోకి వచ్చి కూర్చుంది. 1941లో లోమాక్స్ తన పుస్తకంలో ఈ పాట అచ్చేసినప్పుడు కూడా జార్జియా పాడినదానికి బెర్ట్ మార్టిన్ అనే మరో కెంటకీ మనిషి పాడిన చరణాలు కలిపాడు. ఇద్దరి పేర్లూ వేశాడు. పుస్తకానికెక్కిన రోజునే అది ఒక్కరి పాట కాదు.

మరి మార్చడం తప్పు కానప్పుడు ఈ గోలంతా ఎందుకు అంటారా? చెప్తాను. పాట ఒకరి నుంచి ఒకరికి ఎలా చేరిందో చూడండి.

జార్జియా పాడిన ఆ రికార్డింగు నుంచి హాలీ వుడ్ అనే గాయని నేర్చుకుంది. హాలీ వుడ్ పాడింది విని న్యూయార్క్‌లో డేవ్ వాన్ రాంక్ నేర్చుకున్నాడు. గ్రెనిచ్ విలేజ్ కాఫీ షాపుల్లో గిటారు పట్టుకుని పాడే భారీ మనిషి. ఆయన ఊరికే నేర్చుకోలేదు. కార్డ్స్ (గిటారు మీద కలిపి మోగించే స్వరాల గుత్తులు) మార్చి, కింది తీగ మీద బేస్ స్వరం ఒక్కో మెట్టూ దిగుతూ పోయేలా కట్టాడు. జాజ్ వాళ్లకి అది మామూలే, జానపదం పాడేవాళ్లకి కొత్త. ఆ మెట్లు దిగడం ఎంత బాగుంటుందంటే, పిల్ల కథ చెప్తూ చెప్తూ మనల్ని చెయ్యి పట్టుకుని చీకటి గదిలోకి దింపుతున్నట్టు ఉంటుంది. అప్పట్లో ఆయన దగ్గర చేరి నేర్చుకుంటున్న కుర్రాడు బాబ్ డిలన్. 1961 నవంబరులో తన మొదటి ఆల్బమ్‌లో ఆ కట్టుబడితోనే పాడేశాడు. పాడేశాక వచ్చి, మీ పద్ధతిలో రికార్డు చేసుకోవచ్చా అని అడిగాడు! కొన్ని వారాల్లో నేనే చెయ్యబోతున్నాను, ఆగలేవా అని వాన్ రాంక్ అంటే, అప్పుడు బయటపడింది అప్పటికే అయిపోయిందని. తర్వాత వాన్ రాంక్ ఎక్కడ పాడినా "డిలన్ పాట పాడుతున్నావేంటి" అనేవారట. విసుగొచ్చి పాడటమే మానేశాడు. యానిమల్స్ హిట్టయ్యాక డిలన్‌కీ అదే గతి పట్టింది. "యానిమల్స్ పాట కదా ఇది" అంటుంటే ఆయనా మానేశాడు. ఇది వాన్ రాంక్ తన జ్ఞాపకాల్లో స్వయంగా చెప్పిన సంగతి.

మా ఫ్రెండు కారులో అన్న మాట, అరవై ఏళ్ల కిందటే న్యూయార్క్‌లో అన్నారన్నమాట.

ఇక మాటలు ఎలా మారాయో చూడండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. జార్జియా పాటలో అమ్మ బట్టలు కుట్టే మనిషి, ప్రియుడు తాగుబోతు. డిలన్ దగ్గరికి వచ్చేసరికి అమ్మ అలాగే ఉంది, ప్రియుడు జూదగాడయ్యాడు. యానిమల్స్ దగ్గర ఆ జూదగాడు కాస్తా తండ్రి అయ్యాడు. ఒక్క మాటే కదా అనిపిస్తుంది. కానీ ప్రేమించి, నమ్మి, వాడి వెనక వెళ్లి చెడిపోయిన పిల్ల కథ వేరు. చెడ్డ తండ్రి కడుపున పుట్టి, అదే దారిన పోయిన కుర్రాడి కథ వేరు. మొదటిదాంట్లో ఆమె ఎవరినో ఎంచుకుంది. రెండోదాంట్లో వాడికి ఎంచుకోవడానికి ఏమీ లేదు. యానిమల్స్ పాడింది తక్కువ పాటని నేనను. 1964 మే 18న ఒక్క టేకులో పాడారు. ఇరవై మూడేళ్ల ఎరిక్ బర్డన్ గొంతు నేలలోంచి తన్నుకొచ్చినట్టు ఉంటుంది. హిల్టన్ వాలెంటైన్ గిటారు మీద తీగలు ఒక్కొక్కటే మీటిన ఆ మొదటి ముక్క, ప్రపంచంలో గిటారు పట్టిన ప్రతి పిల్లాడూ మొదట నేర్చుకునేది అదే. నేనూ దాంతోనే మొదలుపెట్టాను, వేళ్లు బొబ్బలెక్కేదాకా. అది గొప్ప రికార్డు. కాకపోతే అది ఇంకొకరి కథ.

నా బాధ దాని లేబుల్ మీద ఉంది. సంప్రదాయ గీతం, కట్టుబడి అలన్ ప్రైస్ అని రాసి ఉంటుంది. ఆ బ్యాండులో కీబోర్డు వాయించినవాడు. అందరి పేర్లకీ చోటు లేదని ఒక్క పేరే వేశారని బ్యాండు వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. పాట ఎవరిదీ కాదు కాబట్టి, ఎవరు కట్టుబడి చేస్తే రాయల్టీ వాళ్లది. పద్ధతి అదే. దాంతో ఆ గిటారు ముక్క వాయించిన వాలెంటైన్‌కే వాటా లేకుండా పోయింది. ఇక కెంటకీ పిల్ల ఊసెక్కడ? జార్జియా 1969లో చనిపోయింది. యానిమల్స్ పాట అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ నంబర్ వన్ అయిన ఐదేళ్లకు.

పాటను ఎంత మార్చినా అందులో మనిషిని పోగొట్టని వాళ్లున్నారు. అమెరికన్ గాయని నీనా సిమోన్‌నే తీసుకోండి. 1961లో విలేజ్ గేట్ క్లబ్బులో ఇదే పాట నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినిపించేంత నిదానంగా పాడింది. తర్వాత 1967 ఆల్బమ్‌లో అదే పాటను పరుగెత్తించింది. ఒకే మనిషి, ఒకే పాట. మొదటిది తలుపేసుకుని చెప్పుకున్నట్టు ఉంటుంది. రెండోది వీధిలో నిలబడి, అవును, నేనే, అయితే ఏంటి అన్నట్టు ఉంటుంది. రెండూ నమ్ముతాం.

ఇంకొకటి లేకుండా ఈ పోస్టు పూర్తవదు. కర్ట్ కొబేన్. అతను పాడే నిర్వాణా అనే అమెరికన్ రాక్ బ్యాండు 1993 నవంబరు 18న న్యూయార్క్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కార్యక్రమంలో చివరి పాటగా 'వేర్ డిడ్ యూ స్లీప్ లాస్ట్ నైట్' పాడింది. దీన్నే 'ఇన్ ది పైన్స్' అని కూడా అంటారు. బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతంలో బిల్ మన్రో పాడాడు, పన్నెండు తీగల గిటారు మీద జానపద గాయకుడు లెడ్‌బెల్లీ పాడాడు. రాత్రి ఎక్కడ పడుకున్నావని మగవాడు నిలదీస్తుంటాడు, ఎండ చొరబడని పైన్ చెట్ల మధ్య రాత్రంతా చలికి వణుకుతూ గడిపానని ఆమె చెప్తుంటుంది. ఆమె మొగుడి తల రైలు చక్రంలో దొరికింది, ఒళ్లు మాత్రం దొరకలేదు. కొబేన్ మొదలుపెట్టే ముందే లెడ్‌బెల్లీ తనకెంత ఇష్టమో చెప్పాడు. మొదట అంతా గొణిగినట్టు పాడతాడు. చివరి చరణంలో ఒక్కసారిగా గొంతు పై స్థాయికి ఎత్తి, అరుపూ పాటా కాని చోట పట్టుకుంటాడు. ఆఖరి మాటల ముందు ఒక్క క్షణం ఆగి, కళ్లు తెరిచి, ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరి కోసమే నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో. ఇంకో పాట పాడమంటే, దీన్ని మించి పాడలేనని వెళ్లిపోయాడు. ఐదు నెలలు తిరక్కుండానే చనిపోయాడు. ఎలక్ట్రిక్ గిటార్లు పగలగొట్టే కుర్రాడు, ఎప్పుడో 1949లోనే పోయిన లెడ్‌బెల్లీ పాట పాడితే, నిలదీసే మగవాడూ ఉన్నాడు, వణికే ఆమె కూడా ఉంది. ఇద్దరినీ తనే మోశాడు.

ఇదంతా అమెరికా గోల, మనకెందుకు అంటారేమో. 2021లో 'సారంగదరియా' సినిమా పాటగా వచ్చినప్పుడు, అంతకు ముందే ఆ పల్లెపాటను టీవీలో పాడిన గాయని నా సంగతేంటని అడిగితే మన దగ్గరా ఇదే వాదన నడిచింది. జానపదానికి ఓనరేంటి అన్నవాళ్లే ఎక్కువ. నిజమే, ఓనర్ ఉండరు. కానీ ఎవరి దగ్గర విన్నామో వాళ్లు ఉంటారు కదా.

పోయిన ఏడాది మా ఊరి జాతరలో డీజే పెట్టారు. ఒక నాట్ల పాటకి బీటు వేసి, మధ్యలో ఈలలు కలిపి వాయిస్తున్నారు. కుర్రాళ్లు ఎగురుతున్నారు. మా అమ్మ గడప మీద కూర్చుని వింటూ, "అది ఏడుపు పాట కదరా, వీళ్లెందుకు ఎగురుతున్నారు?" అంది. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి, పుట్టింటికి పంపని అత్త గురించి నాట్లేస్తూ ఒకావిడ పాడుకున్న పాటట అది. అమ్మ మెల్లగా, ఆ బీటు వినపడనట్టే, తనకి తెలిసిన వరసలో మూడు చరణాలు పాడింది. వరసలో పక్కన వంగి నాటేసే మా పెద్దమ్మ దగ్గర నేర్చుకుందట. పెద్దమ్మకి ఎవరు నేర్పారంటే, "దానికి వాళ్లమ్మ" అంది. ఫోన్లో రికార్డు చేసి, ఫైలుకి ముగ్గురి పేర్లూ పెట్టాను.

బీటు వెయ్యొద్దనను. వేసే ముందు ఒక్కసారి కూర్చుని, అందులో ఎవరు ఏమంటున్నారో వినమంటాను. నీనా సిమోన్ విన్నది కాబట్టే పరుగెత్తించినా ఆ పిల్ల తప్పిపోలేదు.

ఇక వినాలనుకునేవాళ్లకి: ముందు జార్జియా టర్నర్. తర్వాత ఆష్లీ, వాన్ రాంక్, డిలన్. నీనా సిమోన్ పాడినవి రెండూ. యానిమల్స్ చివర్లో. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇదే వరసలో. మా ఫ్రెండుకి నిన్న రాత్రి ఈ లిస్టే పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి, "ఆ పిల్లకి అప్పుడు పదహారేళ్లేనా?" అని అడిగాడు.