డైనింగ్ కారు గారికి ఆకలితో రాయునది

మహారాజశ్రీ రాత్రి రైలు డైనింగ్ కారు గారికి, అంటే బండిలో భోజనం పెట్టే బోగీ గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, నిన్న రాత్రి షట్టర్ సందులోంచి తమరి సిబ్బంది భోంచేస్తున్న వాసన బ్రహ్మాండంగా వచ్చింది.

రాత్రంతా తినడానికీ తాగడానికీ దొరుకుతుందని టికెట్ మీద అచ్చేసిన మాట నమ్మి, ఊగే బోగీలన్నీ దాటుకుంటూ, దారిలోకి చాచిన కాళ్లు తప్పించుకుంటూ తమరి సన్నిధికి చేరాను. మెనూ బోర్డు దేదీప్యమానంగా వెలుగుతోంది. సూప్ ఉందట, వేడి సాండ్‌విచ్ ఉందట. నాకు కనిపించింది మాత్రం నేలదాకా దించిన షట్టర్. తడితే లోపలి నుంచి ఒక గొంతు, "అయిపోయింది" అంది. ఏది అయిపోయిందండీ? సూపా, సాండ్‌విచ్చా, తమరి డ్యూటీయా?

తమరి టైమింగ్‌కి మాత్రం దణ్ణం పెట్టాలి. జనం ఇంట్లో తినేసి వచ్చి, దుప్పటి సర్దుకుంటున్నప్పుడు తెరుస్తారు. తిన్నది అరిగి, నిద్ర పట్టక, గొంతులో వేడిగా ఏదైనా పడితే బాగుండు అనిపించే వేళకి మూసేస్తారు. తెల్లారి, దిగాల్సిన స్టేషన్ దగ్గరపడి అందరూ బ్యాగులు దించుకుంటుంటే షట్టర్ మళ్లీ లేస్తుంది. మనుషులకి ఎప్పుడు ఆకలేస్తుందో ఇంత కచ్చితంగా తెలిస్తే తప్ప ఇంత కచ్చితంగా తప్పించుకోవడం కుదరదు.

తమరిది సామాన్య వంశం కాదే! 1868లో అమెరికాలో రైలు బోగీలు తయారుచేసే జార్జ్ పుల్‌మన్ తమరి తాతగారిని పట్టాలెక్కించి, న్యూయార్క్‌లో పేరుమోసిన డెల్మోనికో రెస్టారెంట్ పేరు పెట్టుకున్నాడు. 1883లో పారిస్‌లో బయల్దేరిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో బండిలోనే వండి, వంటకాలు ఒకటి తర్వాత ఒకటి వడ్డించారు. అంతకుముందు, 1879లో, ఇంగ్లండులో లీడ్స్, లండన్ మధ్య డైనింగ్ కారు మొదలైనప్పుడు ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి నడిచే దారే లేదు. అందులో తినాలనుకున్నవాళ్లు ప్రయాణమంతా అందులోనే కూర్చోవాలి. 1887కల్లా పుల్‌మన్ కంపెనీ బోగీల మధ్య గోడలూ కప్పూ ఉన్న నడవ, వెస్టిబ్యూల్, తెచ్చింది. ఆకలేసినవాడు పరుగెత్తే రైల్లో కింద పడకుండా డైనింగ్ కారు దాకా నడిచి రావచ్చు. వాళ్లు అంత బుర్ర పెట్టి దారి వేస్తే, ఆ దారి చివర నువ్వు షట్టర్ దించుకుని కూర్చున్నావు!

నష్టమొస్తుందంటావు. అదేమన్నా కొత్త సంగతా? అమెరికాలో పెద్దపెద్ద రైల్వే కంపెనీలు ఏళ్ల తరబడి డైనింగ్ కార్లని నష్టానికే నడిపాయి, భోజనం బాగుంటే జనం తమ రైలే ఎక్కుతారని. వాళ్లకి లెక్కలు రాకనా?

సిబ్బందికి నిద్ర వద్దా అంటావు. నిజమే, పాపం, వాళ్లూ మనుషులే, పడుకోనీ. వేడినీళ్ల కుళాయికి నిద్రెందుకు? రష్యాలో దూరం వెళ్లే రైళ్లలో ప్రతి బోగీలోనూ సమోవార్, అంటే నీళ్లు మరిగించే కుళాయి పాత్ర, ఉంటుంది. అర్ధరాత్రయినా మరిగిన నీళ్లు పట్టుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. బోగీ చూసుకునే ఆవిడని అడిగితే లోహపు పిడిలో కూర్చోబెట్టిన గాజు గ్లాసు ఇస్తుంది. చెయ్యి కాలదు, బండి కుదిపినా గ్లాసు అంత తేలిగ్గా పడదు. నువ్వు పొద్దున్నే ఇచ్చే కాగితం కప్పుకి మూత కూడా సరిగ్గా పట్టదు. అందులో కాఫీ చల్లారింది కాబట్టి బతికిపోయాం గానీ, లేకపోతే బొబ్బలే. మైక్రోవేవ్‌లోంచి తీసిన బన్ను అంచులు నాలుక కాలుస్తాయి, మధ్యలో మంచు. కార్డు మిషన్‌కి సిగ్నల్ ఉండదు, చిల్లర నీ దగ్గర ఉండదు.

విమానం ఎక్కమని ఇంట్లో పోరుతూనే ఉన్నారు. నేను వినను. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఏదో ఒకటి తాగుతూ, పేరు తెలియని ఊళ్లు చీకట్లో వెనక్కి పోతుంటే చూడటంలో ఉన్న సుఖం ఇంకెక్కడా లేదు. అది నీకూ తెలుసు. అందుకే ఇంత పొగరు.

వచ్చే నెల మళ్లీ రాత్రి రైలే బుక్ చేశాను. ఈసారి పెద్ద ఫ్లాస్కు తెస్తున్నాను. నిద్రపట్టని వాళ్లందరికీ తలా కాస్త పోస్తాను. "బయటి ఆహారం ఇక్కడ తినరాదు" అని నువ్వు తగిలించుకున్న బోర్డు కిందే నిలబడి మరీ తాగుతాం. ఏం చేసుకుంటావో చేసుకో.

ఇట్లు,
పై బెర్తు ప్రయాణికుడు