పగిలిన మానిఫోల్డ్‌కి అరగంట వెల్డింగ్ చాలదు

లారీలు, ట్రాక్టర్ల వాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే ఇంజన్ సిలిండర్ల పొగని ఒక గొట్టంలోకి చేర్చే భాగం, పగిలితే మామూలు స్టీల్ వెల్డింగ్ రాడ్‌తో ఒక కుట్టు వేయించి, నీళ్ళు కొట్టి చల్లార్చి బిగించేయాలట, అరగంట పనట. చిన్న క్రాక్ అయితే ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూస్తే చాలట, అసలు వదిలేసినా శబ్దం తప్ప నష్టం లేదట. ఇందులో ఒక్క ముక్కా నిలబడదు, చివరిదైతే ప్రాణం మీదకి తెస్తుంది.

ముందు ఆ రాడ్ సంగతి. పాత డీజిల్ బండ్ల మానిఫోల్డ్ బీడుది, అంటే క్యాస్ట్ ఐరన్. మామూలు స్టీల్ ప్లేటులో కార్బన్ 0.2 శాతం దగ్గర ఉంటే బీడులో 3 శాతం పైమాటే. స్టీల్ రాడ్‌తో అతికితే ఆ కార్బన్ వెల్డ్‌లోకి ఎక్కుతుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం వేడిని గభాల్న లాగేస్తుంది, దాంతో అతుకు అంచు గాజులా పెళుసైపోతుంది. ఆకురాయి పెట్టి చూడండి, జారుతుందే తప్ప కోయదు. చల్లారుతూ వెల్డ్ ముడుచుకుంటుంది, బీడేమో సాగదు, టిక్కుమని కుట్టు పక్కనే కొత్త గీత పడుతుంది. అందుకే నికెల్ రాడ్ వాడాలి. ఖరీదే, కాదనను, కానీ నికెల్ మెత్తగా ఉండి ఆ లాగుడుని తట్టుకుంటుంది.

నీళ్ళు కొట్టడం వెల్డ్‌కి అన్నిటికంటే ఘోరం, ఎంత గభాల్న చల్లారితే అంత పెళుసు. పద్ధతిగా చేసేవాళ్ళు ముందు మసి, నూనె కాల్చేసి, క్రాక్ రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు, లేకపోతే గీత పాకుతూనే ఉంటుంది. తర్వాత గ్రైండర్‌తో వి-గాడి తీసి, ఒక్కోసారి అంగుళం పొడవే వెల్డ్ వేసి, వేడిగా ఉండగానే చిన్న సుత్తితో తట్టి, చేయి పెట్టగలిగేంత చల్లారాక ఇంకోచోట ఇంకో అంగుళం వేస్తారు. లేదా మొత్తం మానిఫోల్డ్‌ని 500 డిగ్రీల పైన కాచి వెల్డ్ చేసి, ఊక బూడిదలోనో పొడి సున్నంలోనో పాతిపెట్టి మర్నాటిదాకా ముట్టుకోరు. ఇదెక్కడి అరగంట పని!

ఎపాక్సీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లోడు మీద డీజిల్ ఎగ్జాస్ట్ 500 నుంచి 700 డిగ్రీల దాకా వెళ్తుంది, మామూలు ఎపాక్సీలు 300 లోపే మాడిపోతాయి.

ఇక "శబ్దమే కదా" అనే మాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని, వేడెక్కాక ఆగిపోతే చాలామంది సర్దుకుందనుకుంటారు. లోహం వ్యాకోచించి గీత మూసుకుంది, అంతే. ఆ గీతలోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు, క్యాబిన్‌లోకి వస్తే డ్రైవర్‌కి తలనొప్పి, మత్తు, ఆపైన స్పృహే పోవచ్చు. ఇంజన్ ఆన్‌లో పెట్టి క్యాబిన్‌లో నిద్రపోయే అలవాటున్న అన్నలు దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. టర్బో ఉన్న బండి అయితే పికప్ కూడా పడిపోతుంది.

ఆ సలహాలో అసలు లేనిది ఇంకోటుంది, ఎందుకు పగిలిందన్నది. స్టడ్ (మానిఫోల్డ్‌ని ఇంజన్‌కి బిగించే బోల్టు) విరిగో, ఫ్లాంజ్ (ఇంజన్‌కి ఆనే చదును అంచు) వంగో ఉంటే ఎంత మంచి వెల్డ్ అయినా బోల్టు బిగించగానే మళ్ళీ విడిపోతుంది. అందుకని వెల్డింగ్ అయ్యాక ఫ్లాంజ్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనపడుతోందేమో చూడండి, కనపడితే ఫేసింగ్ చేయించి, అంటే ఆ అంచుని మెషిన్ మీద చదును చేయించి, మధ్యలో పొగ కారకుండా పెట్టే గ్యాస్కెట్ కొత్తది వేసి, నడిమి నుంచి చివర్లకి బిగించమనండి. ఎవరో ముందే స్టీల్ రాడ్‌తో కుట్టిందైతే మాత్రం వెల్డింగ్ డబ్బులు దండగ, వేరే మానిఫోల్డ్ వేయించుకోండి.